మెష్ వేసే అమ్మాయి ఏరోడైనమిక్స్ మనిషేనా?

ప్రశ్న: సార్, మాది వరంగల్. మెకానికల్‌లో బీటెక్ చేసి, మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ సర్వీసెస్ కంపెనీలో సీఎఫ్‌డీ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఆఫర్ లెటర్‌లో ఏరోడైనమిక్స్ ఇంజనీర్ అని రాశారు. చేసేది మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెష్ వేయడమే. ఈ మధ్య ఒక రెక్క కేసులో అనుమానం వచ్చి, మెష్ ఇంకాస్త సన్నగా వేసి నడిపితే డ్రాగ్ 9 కౌంట్లు తగ్గింది. మా లీడ్‌కి చూపించాను. ‘మొదటిదే పంపేద్దాం, టైమ్ లేదు, ఇక వదిలెయ్’ అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నాన్నేమో సాఫ్ట్‌వేర్‌కి మారిపొమ్మంటున్నారు. ఏఐ వస్తే మెష్ పని కూడా పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. అసలు నిజమైన ఏరోడైనమిక్స్ నిపుణులు ఏం చేస్తారు? నేను చేసేది ఆ పనేనా? ఎంటెక్ చేయాలా, అమెరికా వెళ్లాలా, మానేయాలా? మీ మనవరాలి వయసుదాన్ని, నువ్వు అనే పిలవండి.

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి గానీ నా కన్ను ఆ 9 కౌంట్ల మీదే ఆగింది. అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఎంటెక్కులూ అమెరికాలూ తర్వాత చూద్దాం.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. గాలి ఒక వస్తువును వెనక్కి లాగే బలం డ్రాగ్. దాన్ని డ్రాగ్ కోఎఫిషియెంట్ అనే అంకెతో చెబుతారు. ఆ అంకెలో 0.0001ని ఒక కౌంట్ అంటారు. పెద్ద ప్రయాణికుల విమానం ఎత్తులో నిలకడగా పోతున్నప్పుడు మొత్తం డ్రాగ్ 250, 300 కౌంట్ల మధ్య ఉంటుంది. అంటే 9 కౌంట్లంటే దాదాపు మూడు శాతం. డ్రాగ్ మూడు శాతం పెరిగితే ఇంధనం ఖర్చూ ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఒక్క కౌంట్ తగ్గించడానికి నెలల తరబడి కుస్తీ పట్టే విమాన కంపెనీల దగ్గర 9 కౌంట్లంటే చిన్న విషయమేమీ కాదు.

ఇక మెష్. గాలి కదలికను చెప్పే సమీకరణాలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. విమానం లాంటి ఆకారానికి వాటిని కాగితం మీద సాధించడం కుదరదు. అందుకని వస్తువు చుట్టూ ఉన్న గాలిని లక్షల, కోట్ల చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడిలో కంప్యూటర్‌తో లెక్క చేయిస్తారు. ఈ పద్ధతే సీఎఫ్‌డీ. ఆ గడులు అమర్చే పనే మెష్ వేయడం. పని మొదలైన రోజే కుర్రకారుకి అప్పజెప్పి, పెద్దవాళ్లు రిపోర్టుల మీద కూర్చుంటారు కాబట్టి దీనికి గుమాస్తా పని అన్న పేరు పడింది. ఆ పేరు తప్పని నా గట్టి అభిప్రాయం. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

ముందు అంచు నుంచి వెనక అంచు దాకా 3 మీటర్లున్న రెక్క అనుకో. నేల మట్టంలో గాలి, వేగం సెకనుకు 70 మీటర్లు. రెక్కకు అంటుకుని ఉన్న గాలి కదలదు. దాని పైపొర కొంచెం కదులుతుంది. అలా పైకి పోయేకొద్దీ వేగం పుంజుకుని బయటి గాలిలో కలిసిపోతుంది. ఈ మధ్యలో ఉన్నదే బౌండరీ లేయర్. దీని సంగతి 1904లో జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్‌ల్ చెప్పాకే మన విద్యకు ఒక దారి దొరికింది. ఈ రెక్కకు వెనక అంచు దగ్గర ఆ పొర మందం సుమారు 4 సెంటీమీటర్లు. గాలి రాపిడి ఎంతన్నది తేలేది అందులోనే. రెక్కను ఆనుకుని ఉండే మొట్టమొదటి గడి ఎత్తు ఎంతుండాలో లెక్క కట్టి చూడు, 6 మైక్రాన్లు వస్తుంది. తలవెంట్రుక మందంలో పదో వంతు. అక్కడ మొదలుపెట్టి పొరపొరకీ ఎత్తు 20 శాతం పెంచుకుంటూ పోతే, 4 సెంటీమీటర్లు నిండడానికి దాదాపు 40 పొరలు పడతాయి. టెంప్లేట్‌లో 25 ఉన్నాయి కదా అని ఎవరైనా 25తో ఆపేస్తే, పొరలు 3 మిల్లీమీటర్ల దగ్గరే అయిపోతాయి. మిగతా బౌండరీ లేయర్ అంతా అడ్డదిడ్డమైన పెద్ద గడుల్లో పడుతుంది. బొమ్మలో రంగులు అప్పుడూ అందంగానే వస్తాయి. అంకె మాత్రం జారిపోతుంది.

నీ 9 కౌంట్లు ఇలాంటి చోటి నుంచే వచ్చి ఉండొచ్చు. రాకపోనూ వచ్చు. అది తేల్చడమే నువ్వు అడిగిన ‘నిజమైన ఏరోడైనమిక్స్ నిపుణుల’ పని. అంకె పుట్టించడానికి యంత్రాలున్నాయి. ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు, ఎందుకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు అని సంతకం పెట్టి చెప్పగలిగేవాళ్లనే నేను ఈ విద్యలో నిపుణులంటాను.

రైట్ సోదరులు నాకు గొప్పగా కనపడేది కూడా ఇక్కడే. 1901లో వాళ్లు కట్టిన గ్లైడర్‌కు లెక్క ప్రకారం రావాల్సిన లిఫ్ట్‌లో, అంటే రెక్కను పైకి లేపే బలంలో, మూడో వంతే వచ్చింది. ఇంకొకరైతే రెక్క సైజు పెంచి సరిపెట్టుకునేవారు. వీళ్లు డేటన్‌లోని సైకిల్ షాపులో ఆరడుగుల చెక్క పెట్టెతో ఒక విండ్ టన్నెల్, అంటే లోపల గాలి పారించి నమూనాలను పరీక్షించే గొట్టం, చేసుకున్నారు. బలాలు కొలిచే త్రాసును హాక్సా బ్లేడు ముక్కలతో, సైకిల్ చువ్వలతో కట్టుకున్నారు. రెండు వందల దాకా చిన్న చిన్న రెక్క నమూనాలు పెట్టి చూశారు. నూరేళ్లకు పైగా చాలామంది ఇంజనీర్లు కళ్లు మూసుకుని వాడుతున్న, గాలి బలం లెక్కకట్టే స్మీటన్ గుణకం 0.005 ఎక్కువని, అది 0.0033 దగ్గర ఉండాలని వాళ్లు పట్టుకున్నారు. 1903 డిసెంబర్ 17న విమానం ఎగిరింది. అందరూ ఆ తేదీని గుర్తుపెట్టుకుంటారు. నా మటుకు నాకు 1901 శరదృతువులో ఆ షాపులో జరిగిందే అసలు ఏరోడైనమిక్స్.

నీ అనుమానం నీ ఒక్కదానిదే అనుకోకు. 2001లో అమెరికాలో డ్రాగ్ ప్రిడిక్షన్ వర్క్‌షాప్ అని ఒకటి మొదలైంది. అందరికీ ఒకే విమానం ఆకారం ఇచ్చి, డ్రాగ్ ఎంతో మీ మీ సీఎఫ్‌డీ ప్రోగ్రాములతో లెక్కేసి తీసుకురమ్మన్నారు. వచ్చినవాళ్లు సామాన్యులు కారు, పేరున్న సంస్థల వాళ్లు. అయినా జవాబుల మధ్య పదుల కౌంట్ల తేడా వచ్చింది. ఆ తర్వాత జరిగిన వర్క్‌షాపుల్లో చర్చ ఎక్కువగా దేని మీద జరిగిందనుకుంటున్నావు? మెష్ మీదే. గడులు సన్నబడేకొద్దీ జవాబు ఎటు పోతోంది, అందరూ ఒకే వరుస మెష్‌లు వాడితే తేడాలు తగ్గుతాయా, ఇదే గొడవ.

ఇప్పుడు విండ్ టన్నెల్ దగ్గరికి రా. నా ఉద్యోగమంతా బెంగళూరులో టన్నెళ్ల దగ్గరే గడిచింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకు. నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్‌లో 1.2 మీటర్ల ట్రైసోనిక్ (ధ్వని వేగానికి తక్కువ, దగ్గర, ఎక్కువ మూడు రకాల వేగాలకూ పనికొచ్చే) టన్నెల్ ఒకటి 1967 నుంచి నడుస్తోంది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో గాలిని ఒత్తిడితో నింపి ఒక్కసారిగా వదులుతారు. ధ్వని వేగానికి నాలుగు రెట్ల దాకా పరీక్షించొచ్చు. పరీక్ష నడిచేది సెకన్లలోనే. ఆ సెకన్ల కోసం వారాల తయారీ ఉంటుంది. స్టీలు మోడల్‌ను వెనక నుంచి ఒక కడ్డీ మీద నిలబెడతారు. లోపల బలాలు కొలిచే బ్యాలెన్స్ ఉంటుంది. మోడల్ భాగాలు బిగించాక స్క్రూల గుంతలు పూడ్చి నున్నగా రుద్దాలి. మా దగ్గర ఒక టెక్నీషియన్ ఉండేవాడు. కాగితాలేమీ చూడకుండా రెక్క మీద చూపుడు వేలు నెమ్మదిగా నడిపి, ‘సార్, ఇక్కడ పుట్టీ లేచింది, ఇప్పుడు గాలి వదిలితే మీ డ్రాగ్ తప్పొస్తుంది’ అనేవాడు. డాక్టరేట్లున్న వాళ్లం నోరు మూసుకుని ఆగేవాళ్లం.

అయితే టన్నెల్ చెప్పిందల్లా వేదం కాదు. మోడల్ చిన్నది, విమానం పెద్దది. చిన్న మోడల్ మీద గాలి నున్నగా పారినంత మేర, పెద్ద విమానం మీద పారదు. సుడులు ముందే మొదలవుతాయి. అందుకని మోడల్ రెక్క ముందు అంచుకి కాస్త వెనగ్గా సన్నటి గరుకు గింజల పట్టీ ఒకటి అంటిస్తారు, సుడులు అక్కడే మొదలయ్యేలా. గింజలు మరీ చిన్నవైతే పని చేయవు, మరీ పెద్దవైతే వాటి డ్రాగే లెక్కలో కలిసిపోతుంది. పైగా టన్నెల్ గోడల ప్రభావం, వెనకున్న కడ్డీ ప్రభావం తీసేయాలి. అంటే టన్నెల్ అంకె కూడా దిద్దుకుని వాడాల్సిన అంకే. మెష్‌లో నీకున్న తలనొప్పికి ఇది అన్నయ్య వరస అవుతుంది.

చివరికి ఆకాశంలోనూ ఆశ్చర్యాలు ఎదురవుతాయి. 1981 ఏప్రిల్‌లో అమెరికా స్పేస్ షటిల్ మొదటిసారి ఎగిరి తిరిగొచ్చింది. దానికోసం ఏళ్ల తరబడి, ఎన్నో టన్నెళ్లలో పరీక్షలు చేశారు. తిరుగు ప్రయాణంలో ముక్కు సరైన కోణంలో ఉంచడానికి వెనక ఇంజిన్ల కింద ఉండే బాడీ ఫ్లాప్‌ను ఏడెనిమిది డిగ్రీలు దించితే చాలని అంచనా. తీరా చూస్తే అది 15 డిగ్రీలు దాటి దిగాల్సి వచ్చింది, దాదాపు రెట్టింపు. అంత వేగంలో వేడికి గాలిలోని అణువులే విడిపోతాయి. దాంతో అడుగు భాగం మీద ఒత్తిడి పంపకం మారిపోయి ముక్కు పైకి లేవబోయింది. టన్నెల్‌లో ఆ వేడి పుట్టదు కాబట్టి ఆ సంగతి అక్కడ బయటపడలేదు. ఫ్లాప్‌కు ఇంకా కిందికి దిగే వీలు మిగిలి ఉండబట్టి ఇద్దరు వ్యోమగాములూ క్షేమంగా దిగారు. ఆ వీలు దానంతటదే మిగల్లేదు. మన అంకెలు ఇంత మేర తప్పొచ్చు అని ముందే లెక్క కట్టి, కొంత ఖాళీ అట్టేపెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఫార్ములా వన్ చూసే అలవాటుంటే నీకు 2022 గుర్తుండే ఉంటుంది. కొత్త రూల్స్ ప్రకారం కట్టిన కార్లు ట్రాక్ మీద నేరుగా పోతూనే పైకీ కిందకీ ఎగిరిపడ్డాయి. అక్కడ టన్నెల్ మోడల్ 60 శాతం సైజు దాటకూడదు, గాలి సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. ఆ ఎగిరిపాటు టన్నెల్‌లో కనపడక, ట్రాక్ మీదకి వచ్చాకే చాలా టీములకు తెలిసొచ్చింది.

ఇప్పుడు నీ ప్రశ్న. నువ్వు చేసేది ఈ పనేనా? మెష్ సన్నగా వేసి మళ్లీ నడిపిన ఆ సాయంత్రం నువ్వు చేసింది ఈ పనే. టెంప్లేట్ తెరిచి 25 పొరలు కొట్టి పంపిన రోజు చేసింది కాదు. ఒకే కుర్చీలో రెండూ జరుగుతాయి.

లెక్కలు చేసే చోటి నుంచి పైకి వచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మేరీ జాక్సన్ 1951లో అమెరికాలోని లాంగ్లీ పరిశోధన కేంద్రంలో చేరింది. ఇంజనీర్లు ఇచ్చిన అంకెలను చేత్తో లెక్క కట్టే ఉద్యోగం, నల్లజాతి స్త్రీలకు విడిగా కేటాయించిన విభాగంలో. రెండేళ్లకు కాజిమియెర్జ్ చార్నెకీ అనే ఇంజనీర్ ఆమెను సూపర్‌సోనిక్ (ధ్వనిని మించిన వేగాల) టన్నెల్ దగ్గరికి తీసుకెళ్లి పరీక్షల్లో కూర్చోబెట్టాడు. ఇంజనీర్ కావాలంటే కొన్ని తరగతులు చదవాలి. అవి తెల్లవాళ్ల బడిలో రాత్రిపూట జరిగేవి. ఊరి అధికారుల దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుని చదివి, 1958లో ఇంజనీర్ అయింది. అదే ఏడాది చార్నెకీతో కలిసి రిపోర్టు వేసింది. సూపర్‌సోనిక్ వేగంలో శంకువు ఆకారాల మీద బౌండరీ లేయర్ ఎక్కడ చెదురుతుందన్నది దాని విషయం. ఎవరో ఇచ్చిన అంకెలతో మొదలుపెట్టిన మనిషి, ఆ అంకెలు పుట్టే చోటికి వెళ్లి నిలబడింది. నీకు కూడా ఏదో ఒక రూపంలో టన్నెల్ దగ్గరికి వెళ్లే అవకాశం దొరికితే వదులుకోకు. జీతం కాస్త తక్కువైనా సరే.

మన తెలుగువాళ్లం రోజూ తలుచుకునే శ్రీహరికోట కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధవన్ కూడా మొదట ఏరోడైనమిక్స్ మనిషే. రాకెట్ల ఆయనగానే జనానికి తెలుసు. 1951లో కాల్‌టెక్‌లో ఆయన డాక్టరేట్ పని స్కిన్ ఫ్రిక్షన్‌ను, అంటే ఉపరితలం మీద గాలి రాపిడిని, నేరుగా కొలవడం గురించి. గోడలో ఒక చిన్న పలకను విడిగా తేలేలా అమర్చి, గాలి దాన్ని ఎంత బలంతో ఈడుస్తోందో కొలిచారు. మన లెక్కలు సరిపోల్చుకోవడానికి పనికొచ్చేవి అలాంటి కొలతలే.

విమానాలు తప్ప ఇంకో పని లేదా అని మీ నాన్నగారు అడగొచ్చు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు విమానాశ్రయం పైకప్పు ఏమైందో ఆయనకు గుర్తుండే ఉంటుంది. తుఫాను గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంచుల దగ్గర, మూలల దగ్గర పైకి పీల్చి లాగుతుంది. రేకులు ముందు మూలల్లోనే లేచిపోయేది అందుకే. మన గాలి కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక వేగం, హైదరాబాద్‌కు 44 అని ఉంటుంది. మామూలు డాబాలకు ఆ కోడ్ పట్టికలు చాలు. వింత ఆకారం భవనమో, ఆకాశహర్మ్యమో, పొడవాటి వంతెనో అయితే టన్నెల్‌లో పెట్టి చూడాల్సిందే. చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్‌లో ఇందుకోసమే ఒక టన్నెల్ ఉంది. అనంతపురం గాలిమరల రెక్కలు, కర్నూలు సోలార్ ప్యానెళ్ల వరుసలు, ఒక్క ఛార్జింగ్‌తో ఎలక్ట్రిక్ కారు హైవే మీద ఎంత దూరం పోతుందన్న లెక్క, అన్నీ ఈ పద్దులోకే వస్తాయి. నా దృష్టిలో మన కోస్తాకి విమానాల వాళ్లకంటే ఈ భవనాల గాలి తెలిసినవాళ్ల అవసరమే ఎక్కువ. కానీ అటు వెళ్లేవాళ్లు తక్కువ.

ఎంటెక్ సంగతి. చెయ్యి, కానీ డిగ్రీ కోసం చెయ్యకు. ల్యాబ్ చూసుకుని చెయ్యి. గేట్‌లో ఏరోస్పేస్ పేపర్ రాయొచ్చు. నీది మెకానికల్ కాబట్టి ఇంజనీరింగ్ సైన్సెస్ పేపర్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ ఎంచుకుని కూడా రాయొచ్చు. ఏ కోర్సుకు ఏ పేపర్ ఒప్పుకుంటారో ఆయా సంస్థల నోటిఫికేషన్ చూసుకో. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, కాన్పూర్, మద్రాస్, బొంబాయి, ఖరగ్‌పూర్ ఐఐటీలు ఏరోస్పేస్‌కు పాతకాపులు. కాన్పూర్‌లో నేషనల్ విండ్ టన్నెల్ ఫెసిలిటీ ఉంది. అడ్మిషన్ ఇంటర్వ్యూలో ‘థీసిస్‌కు టన్నెల్ టైమ్ దొరుకుతుందా’ అని నువ్వే అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని జంకకు, అడిగినవాళ్లనే గుర్తుపెట్టుకుంటారు.

ఊరు వదలకుండా ఉండాలనుకుంటే హైదరాబాద్ తీసిపోదు. డీఆర్‌డీవో క్షిపణి ల్యాబ్‌లు ఇక్కడే ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో ఇక్కడే హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ ప్రారంభించారు. నాజిల్ వ్యాసం 1 మీటరు, వేగం మాక్ 5 నుంచి 12 దాకా, అంటే ధ్వని వేగానికి 5 నుంచి 12 రెట్లు. తిరువనంతపురంలో ఇస్రో వాళ్లు ‘ప్రవాహ’ అని సొంత సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేరే రాసుకున్నారు. ఇలాంటి చోట్ల నువ్వు కోడ్ లోపలికి తొంగిచూడొచ్చు. సర్వీసెస్ కంపెనీలో అది దొరకదు.

అమెరికా విషయంలో ఒక్కటే హెచ్చరిక, ఎందుకంటే ఇది ఏ కన్సల్టెన్సీ వాడూ ముందు చెప్పడు. అక్కడ రక్షణ, రాకెట్, అంతరిక్ష కంపెనీల్లో చాలా ఉద్యోగాలకు ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. ఏరోస్పేస్‌లో ఎంఎస్ చేసి, చివరికి సాఫ్ట్‌వేర్‌లోనే తేలిన మనవాళ్లు నాకు చాలామంది తెలుసు. కార్లు, గాలిమరలు, భవనాలు, సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల్లో ఈ చిక్కు తక్కువ. వెళ్తే ఆ లెక్క చూసుకుని వెళ్లు. అప్పు చేసి వెళ్తున్నట్టయితే రెండుసార్లు చూసుకో.

ఏఐ గురించి నీ స్నేహితులు సగం నిజమే చెప్పారు. మౌస్‌తో గడులు సర్దే పని ఇప్పటికే తగ్గిపోతోంది, ఇంకా తగ్గుతుంది. పోతే పోనీ, దాని కోసం ఏడవాల్సిన పనిలేదు. కానీ నేర్పిన ఆకారాలకు దూరంగా ఉన్న కొత్త ఆకారం ఇస్తే ఏఐ కూడా అంతే ధీమాగా ఒక అంకె చెబుతుంది. దాన్ని నమ్మాలా వద్దా అని తేల్చే మనిషికి పని పెరిగేదే గానీ తగ్గేది కాదు.

ఇక నీ లీడ్. ఆయన మీద కోపం పెట్టుకోకు. ఆయన నెత్తిన గడువు ఉంది. గొడవ పడకుండా, ఆఫీసు అనుమతితో, అదే కేసుకి మూడు మెష్‌లు వెయ్యి. ఒక్కో దిశలో గడి సైజు సగం సగం చేసుకుంటూ. గడుల సంఖ్య ఎనిమిదేసి రెట్లు పెరుగుతుంది కాబట్టి మూడోది కంప్యూటర్‌కు బరువే, వారాంతంలో నడిపించు. డ్రాగ్ వరసగా 312, 300, 297 వచ్చిందనుకుందాం. తేడా 12 నుంచి 3కి, అంటే నాలుగో వంతుకి తగ్గింది. రెండో ఆర్డర్ పద్ధతికి, అంటే గడి సైజు సగమైతే తప్పు నాలుగో వంతయ్యే పద్ధతికి, తగ్గాల్సింది అలాగే. ఈ లెక్కన గడులు ఇంకా ఎంత సన్నబెట్టినా అది 296 దగ్గర ఆగుతుంది. అప్పుడు మొదటి మెష్‌లో 16 కౌంట్ల తప్పుందని చేతిలో కాగితంతో చెప్పగలవు. తేడాలు అలా తగ్గకుండా ఇష్టమొచ్చినట్టు ఊగితే ఇంకో కథ. బహుశా ఎక్కడో గాలి రెక్కను వదిలేస్తూ ఉండొచ్చు, లేదా పొరల అమరికే తప్పు. ఏదైనా సరే, ఒక్క పేజీలో ఒక పట్టిక, ఒక గ్రాఫ్, రెండు వాక్యాలు రాసి మెయిల్ చెయ్యి. ‘మీరు పంపింది తప్పు’ అని రాయకు. ‘ఈ అంకెకు ఇంత అటూ ఇటూ ఉంది, క్లయింట్‌కు చెబితే మనకే మంచిది’ అని రాయి. ఇంకోసారి కూడా వదిలెయ్ అంటే, ఆ మెయిల్ అలాగే ఉండనీ. ఆ తర్వాతే కంపెనీ మారే సంగతి ఆలోచించు.

కంపెనీ ఆకారాలు, ఫైళ్లు మాత్రం ఇంటికి తెచ్చుకోకు. నేర్చుకోవడానికి బయటే కావలసినంత ఉంది. ఓపెన్‌ఫోమ్, ఎస్‌యూ2 అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, ముందు అందరూ సరిపోల్చుకోవడానికి వాడే నాకా 0012 అనే రెక్క ఆకారం మీద చెయ్యి తిప్పు. రేనాల్డ్స్ సంఖ్య (గాలి జిగటతో పోలిస్తే దాని జడత్వం ఎంతో చెప్పే అంకె) 60 లక్షలు, మాక్ 0.15, కోణం 10 డిగ్రీలు. స్పాలార్ట్-ఆల్మరాస్ అనే టర్బులెన్స్ (సుడుల) మోడల్‌తో లిఫ్ట్ కోఎఫిషియెంట్ 1.09, డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.0123 చుట్టుపక్కల రావాలి. నాసా టర్బులెన్స్ మోడలింగ్ రిసోర్స్‌లో మెష్‌లతో సహా అన్నీ పెట్టారు. 123 కౌంట్లకు నీకు 140 వస్తే, ఎక్కడ పోయిందో కనిపెట్టేదాకా వదలకు. ఆ వెతుకులాటలో నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు. అది కుదిరాక నాసా కామన్ రీసెర్చ్ మోడల్ తీసుకో, ఆ విమానం ఆకారం, టన్నెల్ కొలతలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి.

మీ నాన్నగారికి అబద్ధం చెప్పకు. మొదటి అయిదారేళ్లు సాఫ్ట్‌వేర్‌లో జీతాలు ఎక్కువే ఉంటాయి. ఇంటి మీద అప్పుల భారం ఉంటే ఆయన మాటకు విలువుంది, నువ్వు కూడా ఆలోచించాలి. అలాంటిదేం లేకపోతే రెండేళ్లు గడువు అడుగు. ఆలోగా గేట్ రాసి, నాకా 0012 తేల్చి, కనీసం ఒక టన్నెల్‌ను దగ్గర నుంచి చూసి రా. అప్పటికీ మనసు ఒప్పకపోతే కోడింగ్ ఎక్కడికీ పోదు, సీఎఫ్‌డీలో రాటుదేలిన చేయికి అక్కడా గిరాకీ ఉంటుంది.

నాకా 0012 దగ్గర ఇరుక్కుంటే మళ్లీ రాయి. రాసేటప్పుడు మొదటి గడి ఎత్తు ఎంత, పొరలెన్ని, బయటి హద్దు ఎంత దూరంలో పెట్టావు, ఏ టర్బులెన్స్ మోడల్ వాడావు, ఇవన్నీ రాయి. రంగుల బొమ్మలు పంపక్కర్లేదు.